స్టేజీలు

గొంతే నా బతుకు.
కిసుము స్టాండులో పద్నాలుగేళ్లుగా
"కకమెగ! కకమెగ! కకమెగ!" అని అరిచి
మటాటు నింపేవాణ్ణి.
కప్పు మీద ఒక్క దెబ్బ వేస్తే బండి ఆగుతుంది,
రెండు వేస్తే కదులుతుంది.
మా డ్రైవర్ ఒకెచ్‌కి ఎడమ చెవి పోయింది.
అది నా చలవేనంటాడు.

అలాంటివాణ్ణి చొక్కా విప్పి కూర్చోమంది
సిస్టర్ అవినో.
కిలోంపావు కూడా తూగని పిల్లని
కప్పపిల్లలా నా ఛాతీ మీద పరిచి
పూల గుడ్డతో ఇద్దర్నీ కలిపి కట్టేసింది.
కగెహాకి కుట్లు పచ్చిగానే ఉన్నాయి, జ్వరం వదల్లేదు.
"ఇప్పుడు నీ ఒళ్లే దానికి పొయ్యి," అంది.
"మాట్లాడుతూ ఉండు. మెల్లగా."

మెల్లగానా!
ఏం మాట్లాడను?
చిల్లర లేదని గొడవపడేవాళ్లతో మాట్లాడగలను,
కోళ్లబుట్ట ఒళ్లో పెట్టుకోమని బతిమాలగలను.
జేబురుమాలంత లేని మనిషితో,
కళ్లు తెరవని మనిషితో
ఏ మొహం పెట్టుకుని మాట మొదలుపెట్టను?

సిస్టర్ నా భుజం మీంచి వంగి
ఆ చిన్న మాడు చూపించింది.
ఎముక ఇంకా కలవని చోట
చర్మం కింద ఏదో కొట్టుకుంటోంది.
"లోపల ఇప్పుడే దారులు పడుతున్నాయి," అంది.
"నడిచిన దారి నిలబడుతుంది.
నడవని దాన్ని గడ్డి కమ్ముతుంది."

దారుల సంగతి నాకు తెలుసు.

అందుకని, ఆ రాత్రి,
పక్క మంచాల వాళ్లు నవ్వుతారని
గుడ్డ నెత్తిదాకా లాక్కుని
నాకొచ్చిన ఒక్క పాఠం మొదలుపెట్టాను:
కిసుము.
కొందెలె.
మంబొలెయొ. ఇక్కణ్నుంచి ఎత్తు, గేరు మారుస్తాడు, గట్టిగా పట్టుకో.
కిబొస్వ. అరటిగెలలు ఎక్కుతాయి.
మజెంగొ.
ఎంబాలె.
చవకాలి. ఇక్కడ టీ బాగుంటుంది, నీకు పళ్లొచ్చాక.
ఖయేగ.
ఇలేసిలో ఏడ్చే రాయి ఉంది,
ఎండల్లోనూ దాని చెంప తడిగానే ఉంటుంది,
ఎందుకని నన్నడక్కు.
కకమెగ.

మిషన్ మీద అంకె కొంచెం దిగింది.
నిజమా, నా కళ్లా?
సిస్టర్ ఏమీ అనలేదు. కాగితం మీద ఏదో రాసుకుంది.
నేను తిరుగు ట్రిప్పు వేశాను.

ఇరవై ఆరు రోజులు.
పగలు రోడ్డు మీద అరుపు, రాత్రి వార్డులో గుసగుస.
ఒక గొంతులో ఇద్దరు కాపురం పెట్టినట్టుండేది.
ఒకనాడు కునుకుపట్టి కిబొస్వ ఎగరగొట్టేశాను.
వెంటనే నా ఛాతీ మీది వేలు
వెంట్రుక పట్టి గుంజింది.
"చూశారా, స్టేజీ తప్పితే ఊరుకోదు!" అన్నాను.
"ఎక్కిళ్లు," అంది సిస్టర్.
ఆవిడకి మా రూటు తెలీదు కదా.

ఇంటికొచ్చాక కగెహా కనిపెట్టింది ఇంకోటి.
నేను ఎక్కడా ఆగకుండా చెప్పేస్తున్నానట.
"కాస్త ఆగు. అదీ ఎక్కనీ," అంది.
అప్పట్నుంచి ఒక పేరు చెప్పి
దాని మొహంలోకి చూస్తూ ఆగడం నేర్చుకున్నాను.
పద్నాలుగేళ్లు ఆలస్యాన్ని తిట్టినవాడికి
ఇది మాత్రం చచ్చేంత కష్టమైంది.
కనుబొమ్మ ఎత్తేది. ఉమ్మితో బుడగ చేసేది.
అప్పుడు తర్వాతి స్టేజీ.

మొన్న శనివారం టీకాకని
వాళ్లమ్మ ఒళ్లో మా బండే ఎక్కింది.
పద్నాలుగు మంది కూర్చునేచోట ఇరవై మంది, రెండు మేకలు.
మజెంగొ దాటాం.
అలవాటుకొద్దీ దాని వైపు వంగి ఆగాను.
అది నోరు తెరిచి,
నా అంత గొంతుతో,
"బొబ్బా!" అంది.

ఆ పేరుతో మా రూట్లో ఊరు లేదు.

కప్పు మీద ఒక్క దెబ్బ వేశాను.
ఒకెచ్ ఆపాడు.
ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు.
వెనక సీటు ముసలాయన వాచీ చూసి సణిగాడు.
రోడ్డు పక్కన మొక్కజొన్న, ఎండ, ఒక గాడిద.

కాసేపు అలాగే ఉండి
రెండు దెబ్బలు వేశాను.